మూడో ఛాన్స్

"రెండు మ్యాచ్‌లకే తీసేస్తరా? ఇరవై రెండేండ్ల పోరడు గదన్నా. కొత్త టీమ్. కుదురుకోనియ్యాలె," అన్నాడు జర్మనీలోని ఇల్మెనౌలో నా రూమ్మేట్ శశాంక్.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే ఆ క్వార్టర్‌బ్యాక్ మహా ధర్మాత్ముడు. బంతిని సొంతవాళ్లకంటే అవతలి టీముకే ఎక్కువగా అందించాడు.

"బెంచీ మీద కూర్చుని కుదురుకోమను. రెండు ఛాన్సులు చాలు," అన్నాను.

"మూడోది ఇస్తే ఎవని సొమ్ము పోతది?"

రెండో మ్యాచ్ నా ఫోన్‌లో నడుస్తోంది. శశాంక్ మాత్రం తన ల్యాప్‌టాప్‌నే చూస్తున్నాడు. తొంగిచూశాను. థర్మోడైనమిక్స్ పరీక్ష, రెండోసారీ ఫెయిల్. ఇక్కడ మూడోసారి కూడా తప్పితే యూనివర్సిటీ నుంచి పంపించేస్తారు.

"సరే, మూడో మ్యాచ్‌కీ వాణ్నే ఆడిద్దాం," అన్నాను. "ప్రాక్టీసు మాత్రం నేను చేయిస్తా."