బస్సు రాని స్టాపు

మతిమరుపు ముదిరినవాళ్లతో వాదించొద్దు, మాట మళ్లించండి, తినడానికేమైనా చేతిలో పెట్టండి అని శిక్షణలో మాకు నూరిపోశారు. ఇంటికి పోతామని పట్టుబట్టేవాళ్లని కూర్చోబెట్టడానికి, కెనడాలోని మా విన్నిపెగ్ వృద్ధాశ్రమం పెరట్లో ఉత్తుత్తి బస్‌స్టాపు కూడా కట్టించారు.

పోయిన వారం "మీ ఇల్లు అమ్మేశారు" అని నేను నిజం చెప్పినందుకు ఎల్‌ఫ్రీడా గారు ఆ రోజంతా సూప్ ముట్టలేదు. అప్పట్నుంచీ ఆవిడ "ఇంటికి పోవాలి" అన్నప్పుడల్లా ఈ స్టాపుకి తీసుకొచ్చి పక్కనే కూర్చుంటున్నాను. ఇవాళ నా పనితనం చూడడానికి మేనేజర్ కూడా వచ్చి నిలబడింది.

"బస్సు ఇప్పుడే వచ్చేస్తుందండీ," అన్నాను.

"వస్తుందిలే తల్లీ, కంగారెందుకు? మీ ఫిలిప్పీన్స్‌లో ఆదివారం ఏం వండుకుంటారు?" అంటూ ఎల్‌ఫ్రీడా గారు తన బిస్కెట్ విరిచి సగం నా చేతిలో పెట్టారు.

మా అమ్మ వండే అడోబో కూర గురించి చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాను. పెద్దావిడ మాత్రం బస్సు ఊసే ఎత్తలేదు. చూశావా నా శిక్షణ అన్నట్టు మేనేజర్ వైపు గర్వంగా చూశాను.

ఎల్‌ఫ్రీడా గారు మేనేజర్‌ని దగ్గరికి పిలిచి, నాకు వినబడదనుకుని, గుసగుసగా అన్నారు:

"ఈ పిల్లకి ఇంటి మీద బెంగమ్మా. రోజూ ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. ఇక్కడికి బస్సులు రావని మాత్రం చెప్పకు, పాపం తిండి మానేస్తుంది."