పొడి తువ్వాలు

రాత్రి నేనూ మా అత్తా చెనిక్కాయలు వలుస్తుండగా, సిమెంటు డీలర్ల టూరులో బ్యాంకాక్ వెళ్లిన మా ఆయన నది మీద పడవలోంచి వీడియో కాల్ చేశాడు.

"ఏటి మీదికి పోవద్దంటే ఇనవు గదప్పా," అంది అత్త.

"ఇది మన పెన్న గాదుమా! దీపాలు చూడు."

"నీ ఎనక కూచున్నదెవురు?"

"ఎవురూ లేరుమా. ఖాళీ సీటు."

ఆ వెనక కూచున్నాయన నాకూ కనిపిస్తున్నాడు. భుజాన ఎర్రంచు తువ్వాలు. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి. మామ పెన్న వరదలో కొట్టుకుపోయిన రోజు వేసుకున్నది అదే. ఆయన శవం దొరకలేదు.

వెనకనుంచి ఒక చెయ్యి మా ఆయన భుజం మీదికి వచ్చింది.

"కప్పుండే పడవలో ఈ తడేంది?" అంటూ ఆయన చొక్కా తుడుచుకున్నాడు.

అత్త ఒళ్లోని పొట్టు దులిపింది. దండెం మీంచి పొడి తువ్వాలు తీసుకుని, గడప దాటి పెన్న వైపు వెళ్లిపోయింది.