మునుపెన్నడూ వినని సంగీతం

"మోసం!" అంటూ కచేరీ అవగానే విమర్శకుడు నా గదిలోకి దూసుకొచ్చాడు.

పదేళ్లుగా నా ప్రతి సింఫనీ మీదా ఆయన రాసేది ఒకటే మాట: "ఈయన టీవీ సీరియళ్లకే పనికొస్తాడు. అదృష్టం కొద్దీ మా ఇంట్లో టీవీ లేదు."

"సింఫనీ అని టికెట్లమ్మి సీరియల్ సంగీతం వినిపిస్తారా? రెండో భాగంలో చెల్లో వాద్యాల మీద వాయించిన ఆ ముక్క, నిన్న శుక్రవారం అత్తగారు కోడలి పాలల్లో విషం కలిపినప్పుడు వచ్చిందే! రేపు పేపర్లో ఉతికి ఆరేస్తాను."

"తప్పకుండా రాయండి సార్. మీరన్నట్టే ఆ సీరియల్‌కి సంగీతం చేస్తున్నదీ నేనే. ఎన్నో ఎపిసోడో కూడా వేయండి, చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది."

"నాలుగొందల పన్నెం..."

ఆయన నోరు టక్కున మూతపడింది. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. పదేళ్లకి చేప గాలానికి పడింది. నేనే కుర్చీ లాగి, మంచినీళ్లిచ్చాను.

ఆదివారం పేపర్లో వచ్చింది: "రెండో భాగంలోని సంగీతం ఇంతకు ముందు ఎవరూ, ఎక్కడా విని ఉండరు."

పది గంటలకి ఆయనే ఫోన్ చేశాడు.

"చదివారా?"

"చదివాను సార్. మీ మేలు మర్చిపోను."

అవతల చిన్న దగ్గు. తర్వాత గొంతు బాగా తగ్గింది.

"ఇంతకీ... సోమవారం కోడలు ఆ పాలు తాగుతుందా?"