నల్ల అంగీ

"రాజుకి ఈ నల్ల అంగీ ఏంట్రా? జరీ ఏదీ?" రిహార్సల్లో సింహాసనం మీంచి పెద్ద నటుడు అరిచాడు.

"లైట్లు పడితే తెలుస్తుంది బాబాయ్," అన్నాను.

సెట్టూ నాదే, బట్టలూ నావే. అంగీకి, వెనక గోడకి ఒకటే నలుపు వేయించాను. ఇరవై ఏళ్ల కిందట అందరి ముందూ నన్ను "దర్జీ వెధవా" అన్నవాడు రేపు జనానికి కనబడకూడదు.

లైట్లు పడ్డాయి. ఒళ్లంతా గోడలో కలిసిపోయింది. మొహం, చేతులే గాల్లో తేలుతూ డైలాగు చెప్పాయి.

డైరెక్టర్ కళ్లు తుడుచుకున్నాడు. "ఈయన్ని ఇంత గొప్పగా ఎవడూ చూపించలేదయ్యా!"

నాకు కడుపు మండిపోయింది. "రంగు తేడా కొట్టింది సార్, మార్చేస్తాను."

గాల్లో ఉన్న ఆ చేతులు రెండూ దగ్గరికొచ్చి నాకు దణ్ణం పెట్టాయి.

"వద్దురా. చచ్చేదాకా ఇదే వేసుకుంటాను."