ముందు సంసారులకే

"బండి ఇస్తారా, ఇవ్వరా? ఆ ఒక్క ముక్క చెప్పండి!"

గెసీనా చంకలో బిడ్డతో వలస సంఘం ఏజెంటు ట్రోషెల్ దొర బల్ల ముందు నిలబడి అరుస్తోంది. బయట వాన. టెక్సస్ తీరంలో ఆ ఇసుక మీద చెక్కతో కట్టిన గది అదొక్కటే, పొయ్యి వెలిగేదీ అందులోనే. ఓడ దిగిన జర్మన్లందరూ గుడారాల్లో తడిసి ముద్దవుతున్నారు. జ్వరం గుడారం నుంచి గుడారానికి పాకుతోంది. అది అంటకముందే బిడ్డను లోపలి కొండల వైపు తీసుకుపోవాలి. గెసీనాకు కావలసింది అంతే.

"బండ్లేవమ్మా? బండివాళ్ళంతా యుద్ధానికి పోతున్న అమెరికా సైన్యం వెంట పోయారు. అక్కడ కూలి ఎక్కువ."

"మరి మన రాజకుమారుల సంఘం ఏం చేస్తోంది? ఇక్కడ కొత్త జర్మనీ కడతాం, రండి రండి అని ఊరూరా టముకు వేయించారే! వాళ్ళలో ఒక్కడైనా ఈ నేల ఎలా ఉందో చూశాడా? విందులో కూర్చుని అడవి కొన్నారు. చావడానికి మేం దొరికాం!"

"నోరు అదుపులో పెట్టుకో."

"మిగిలింది నోరొక్కటే. అదీ మీకే ఇచ్చెయ్యాలా?"

దొర నిట్టూర్చాడు. "మధ్యాహ్నం ఒకే ఒక్క బండి బయల్దేరుతుంది. ముందు సంసారులకే. విధవలూ, పెళ్ళాలు పోయినవాళ్ళూ, ఒంటరివాళ్ళూ చలికాలం పోయేదాకా ఆగాలి. భూమి పంపకానికీ అదే పద్ధతి."

"చలికాలం పోయేసరికి మిగిలేదెవరు?"

"నేను పెట్టిన పద్ధతి కాదు. నీ మొగుడేడి?"

"గుడారంలో పడున్నాడు."

"అందరిదీ అదే మాట. నిన్న ఒకావిడ దుప్పటి కింద గోనెమూట పెట్టి మొగుడంది. పద, చూస్తాను."

వానలో తడుస్తున్న ఆడదాన్ని మొగుణ్ణి చూపించమనడానికి సిగ్గుండాలి. ఆయనకు లేదు. గొడుగు తీసుకుని బయల్దేరాడు.

గుడారంలో గడ్డం మాసిన మనిషి ఒకడు దుప్పటి కప్పుకుని చలికి వణుకుతున్నాడు.

"బ్రున్స్ అంటే నువ్వేనా?" జాబితాలో ఆమె మొగుడి పేరు చూసి దొర అడిగాడు.

"కాకపోతే మీరా?" అన్నాడతను దగ్గుతూ.

గెసీనా బిడ్డను అతని ఒళ్ళో పడేసింది. అది గుక్కపట్టి ఏడుపు అందుకుంది. దొర కనుబొమలు పైకి లేచాయి.

"కన్నతండ్రి ఎత్తుకుంటే ఇంత ఏడుపా?"

"ఎప్పుడైనా ఎత్తుకుంటే కదా!" గెసీనా విరుచుకుపడింది. "ఓడలో ఉన్నన్నాళ్ళూ పేకముక్కలే పట్టుకున్నాడు, బిడ్డను పట్టుకున్నాడా?"

"పేక గోల ఇప్పుడెందుకే?"

"ఎందుకా? పాలిచ్చే ఆవును అమ్మొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. విన్నావా? రాజులు అబద్ధమాడతారా అన్నావు! ఏరీ నీ రాజులు? ఒక్క రాత్రి ఈ బురదలో పడుకోమను!"

అతను లేచి కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది. "అంతా నా తప్పేనా? పక్కింటివాళ్ళు పోతున్నారు, మనమే ఈ ఊళ్ళో కుళ్ళి చావాలా అని ఏడాదిపాటు నా ప్రాణం తోడిందెవరు?"

"నేనా!"

"నువ్వే! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెళ్ళొద్దు అని ఉంటే ఆగిపోయేవాణ్ణి. అన్నావా? అనలేదే!" అతను తన పక్కన ఖాళీగా ఉన్న పరుపు వైపు చూశాడు.

"నన్నంటావా? ఇంత దూరం ఈడ్చుకొచ్చి నన్నంటావా?" గెసీనా రేకు గిన్నె ఎత్తి విసిరింది. అది అతనికి తగల్లేదు. వెళ్ళి దొర బూటుకు తగిలింది.

"చాలు, చాలు!" దొర రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇలా కొట్టుకునేది మొగుడూ పెళ్ళాలే. నాకూ ఉంది ఇంటి దగ్గర ఒకతె. వెళ్ళి బండెక్కండి తల్లీ, నా చెవులు దక్కుతాయి."

మధ్యాహ్నం ఎద్దులు బురదలో కాళ్ళీడ్చుకుంటూ కదిలాయి. గుడారాలు వెనకపడ్డాయి, సముద్రం హోరు తగ్గింది. గెసీనా ఇసుకలోని కొత్త సమాధుల వైపు తిరిగి తిరిగి చూసింది. బిడ్డ ఆమె ఒళ్ళో నిద్రపోయింది. బండిలో చోటు చాలకపోయినా అతను ఒక మూలకు ఒదిగి కూర్చుని, తన దుప్పటి తీసి బిడ్డ మీద కప్పాడు.

బండివాడికి వినపడకుండా అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ, మీ పేరేమిటమ్మా?"