ఒకే రిపోర్టు

"ఇద్దరికీ ఒకటే బీపీ, ఒకటే షుగరు. గుండె కూడా ఒకేలా కొట్టుకుంటోంది," అంటూ నర్సు పక్కపక్క మంచాల మీదున్న అన్నదమ్ములకు రిపోర్టులు ఇచ్చింది.

కాఫీ ఒంటికి మంచిదని అన్న, విషమని తమ్ముడు నలభై ఏళ్లుగా రోజూ పోట్లాడుకుంటున్నారు. అన్న రోజుకు ఆరు కప్పులు తాగాడు. తమ్ముడు ఒక్క చుక్క ముట్టలేదు. ఎవరి మాట నెగ్గిందో తేల్చుకోవడానికే, ఏ జబ్బూ లేకపోయినా, ఇద్దరూ ఆసుపత్రిలో చేరారు.

"మిషను పాడైందేమో చూడమ్మా," అన్నాడు అన్న.

"రెండుసార్లు చూశాం తాతగారూ. ఇంక ఇంటికెళ్లొచ్చు."

తమ్ముడు రిపోర్టు మడిచి పక్కన పెట్టాడు. "నలభై ఏళ్లు ఊరికే నోరు కట్టుకున్నానన్నమాట," అని అన్న పక్కనున్న కాఫీ ఫ్లాస్కు వైపు చెయ్యి చాపాడు. "ఒక్క గుక్క ఇవ్వు అన్నయ్యా."

అన్న మూత సగం తిప్పి ఆగిపోయాడు.

"వద్దురా."

"ఏం, ఇప్పుడు మంచిది కాదా?"

"మంచిదే. నువ్వు కూడా తాగితే, రేపట్నుంచి పొద్దున్నే ఏం వంక పెట్టుకుని మీ ఇంటికి రాను?"

తమ్ముడు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. దుప్పటి సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"అవతల పెట్టు దాన్ని. ఆ వాసనకే తల తిరుగుతోంది."

"నీ మొహం, నీకేం తెలుసురా," అంటూ అన్న హాయిగా కప్పులోకి వంపుకున్నాడు.