రద్దయిన రోజు

"టిక్కెట్టు అమ్మేటప్పుడున్న నోరు ఇప్పుడేమైందయ్యా?"

అడిగినవాడు అడిగి ఊరుకోలేదు. బల్ల మీదుగా వంగి చొక్కా కాలరు పట్టుకున్నాడు. పైగుండీ తెగి ఎక్కడో పడింది.

బాబాయి కాలరు విడిపించుకుని మళ్ళీ తెర వైపు తిరిగాడు. విమానాశ్రయంలో చిన్నా పెద్దా ఆయన్ని అలాగే పిలుస్తారు. కౌంటరు పనిలో పద్దెనిమిదేళ్ళ అనుభవం. తిట్లు కొత్త కాదు గానీ, ఇన్ని తిట్లు ఒక్కరోజులో పడటం మాత్రం కొత్తే.

అప్పు మీద ఇక ఇంధనం పొయ్యలేమని చమురువాళ్ళు పొద్దున్నే చేతులెత్తేశారు. ఎనిమిదింటికల్లా తెర మీద ఆ కౌంటరు కంపెనీ విమానాలన్నీ ఎర్రబడ్డాయి. రద్దు, రద్దు, రద్దు.

టీ తాగొస్తానని వెళ్ళిన మేనేజరు పత్తా లేడు. ఇద్దరు గుమాస్తాలు వెనక తలుపులోంచి జారుకున్నారు. మిగిలింది కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే. కీబోర్డు ముందు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నువ్వింటికెళ్ళమ్మా. నేను చూస్తాను."

"మీకెందుకు బాబాయ్ ఈ గొడవ?"

"ముందు లే."

అలా ఆ కుర్చీలో కూచున్న పావుగంటకే ఈ కాలరు పట్టుడు.

వరసలో నూట ముప్పైమంది. అందరూ అరుస్తున్నారు. ఒకావిడ మాత్రం అరవలేదు.

"రేపు పొద్దున మా ఆయనకి గుండె ఆపరేషనండీ. నేను దగ్గరుండాలి," అంది, నేల చూస్తూ.

బాబాయి పక్క కంపెనీ కౌంటరుకి పరిగెత్తాడు. కాళ్ళావేళ్ళా పడి ఒక సీటు ఇప్పించాడు. ఇంకో కంపెనీ దగ్గరికెళ్ళి పసిపిల్లల తల్లికి రెండు. మళ్ళీ మొదటివాళ్ళ దగ్గరికి. "మళ్ళీ వచ్చారా!" అని వాళ్ళు విసుక్కుంటున్నా నవ్వేసి నిలబడ్డాడు.

సాయంత్రం భార్య ఫోను చేసింది.

"సర్వీసు కాగితం తీసుకుని గంటలో వస్తానన్నారుగా! ఇంకా అక్కడ మీకేం పని?"

"పదకొండుమంది మిగిలారే."

"అన్నం తిన్నారా?"

"ఆఁ," అని అబద్ధమాడేశాడు.

ఆఖరి మనిషిని సాగనంపేసరికి రాత్రి పది దాటింది.

తొమ్మిది నెలలు కంపెనీకి తాళం. ఈ వయసులో ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వలేదు. పార్సిలు ఆఫీసులో పెట్టెలకి చీటీలు అంటిస్తూ నెట్టుకొచ్చాడు. చివరికి ఎవరో కంపెనీని కొన్నారు. రెండు విమానాలతో మళ్ళీ మొదలన్నారు. పాతవాళ్ళలో కొద్దిమందికే పిలుపులొచ్చాయి. ఓ రోజు బాబాయికీ కబురొచ్చింది, వచ్చి కొత్త అధికారిని కలవమని.

"ఆ చివరి రోజు కౌంటర్లో ఉన్నది మీరేనా?" అధికారి సూటిగా అడిగాడు.

బాబాయి కుర్చీ అంచుకి జరిగాడు.

"నేనేనండీ. ఎవర్నీ అడక్కుండా చేశాను. తప్పయితే..."

అధికారి ఓ ఉత్తరం ముందుకి జరిపాడు. ఆపరేషను మాట చెప్పినావిడ రాసింది. భర్త ఇప్పుడు రోజూ నడుస్తున్నారట. 'మీ కంపెనీ నన్ను వదిలేసింది. మీ ఉద్యోగి వదల్లేదు,' అని ముగించింది.

"సోమవారం నుంచి వచ్చెయ్యండి."

బాబాయి కళ్ళు తుడుచుకుని లేచాడు.

"ఒక్క సంగతే నాకు అంతుబట్టలేదు," అంటూ అధికారి పాత ఫైలు తిప్పి, ఓ తేదీ మీద వేలు పెట్టాడు. "ఈ లెక్కన, ఆ రోజుకి మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసి పంతొమ్మిది రోజులైంది కదండీ?"